స్టంపు, బ్యాటు, గుమ్మం: నాన్న పుస్తకం ప్రాజెక్టు డైరీ

జనవరి మొదట్లో

నాన్న పోయి ఏడాది దాటింది. అటక మీదున్న ఆయన సామానంతా ఈ వారం కిందికి దించాం. నేనూ తమ్ముడూ కలిసి మూడు పనులు పెట్టుకున్నాం. ఆయన గురించి ఒక పుస్తకం. క్యాసెట్లలో ఉన్న ఆయన గొంతుకి కంప్యూటర్ కాపీలు. అసలు వస్తువులు ఇంకా చాలా ఏళ్లు పాడవకుండా ఉండటానికి సరైన పెట్టెలు. పని ఎలా సాగుతోందో ఇక్కడ రాసుకుంటూ వస్తాను. ఇంట్లో ఇలాంటి సామాను ఉన్నవాళ్లకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తాను.

నాన్న ఆఫీసులో లెక్కలు చూసేవారు. సాయంత్రం అయిందంటే ఆయన చేతిలో కుంచో, బ్యాటో, మాలో ఒకరి చెయ్యో ఉండేది. క్లబ్బు జట్టుకి వికెట్ కీపర్. తన బ్యాటింగ్ అయిపోగానే ప్యాడ్లు విప్పి స్కోరు పుస్తకం అందుకునేవారు. టోర్నమెంటు బ్యానర్లు, సర్టిఫికెట్లు, మా పుట్టినరోజు కార్డులు అన్నీ ఆయన చేత్తో రాసినవే. మోకాళ్లు సహకరించడం మానేశాక మాకు షటిల్ నేర్పారు. బయట దొరికే వస్తువునైనా ముందు తానే తయారు చేయగలనేమో చూసే మనిషి.

దించిన సామానులో స్కోరు పుస్తకాలు, స్కెచ్ బుక్కులు, జిగురు పేజీల ఆల్బమ్‌లు, క్యాసెట్లు, కీపింగ్ గ్లవ్స్, ఒక బ్యాటు, జతలేని ఒకే ఒక్క స్టంపు, గుడ్డలో చుట్టిన ఒక పొడవాటి కాగితపు చుట్ట ఉన్నాయి. ఏదీ కదిలించకముందే ప్రతి పెట్టెనీ ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫొటో తీశాం. ఏ కాగితం పక్కన ఏ కాగితం ఉందో తర్వాత గుర్తుండదు. ఆ తర్వాత గుండుసూదులు, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేశాం.

కీపింగ్ గ్లవ్స్‌ని మాత్రం వెంటనే వేరే గదిలో పెట్టాం. వాటి అరచేతుల మీద బొడిపెల రబ్బరు ఉంటుంది. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు అది. పాతబడేకొద్దీ దాన్నుంచి గంధకపు ఆవిర్లు వస్తాయి. నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మ ఏర్పడేది సన్నటి వెండి రేణువులతో కాబట్టి ఆ ఆవిరి తగిలితే బొమ్మ పసుపెక్కి వెలిసిపోతుంది. వెండి పూత వేసిన కప్పులు నల్లబడటానికీ అదే కారణం. ఆటల సామాను, కప్పులు, ఆల్బమ్‌లు ఒకే పెట్టెలో ఉన్నాయా? మిగతా పనులన్నీ వాయిదా వేసినా ఫర్వాలేదు, వాటిని మాత్రం ఈరోజే విడదీయండి.

జనవరి చివర్లో

తమ్ముడు మూడు పెట్టెలు తెచ్చి, మూడు చీటీలు అంటించాడు. ఆటలు, బొమ్మలు, ఇల్లు. పుస్తకంలో కూడా అవే మూడు భాగాలు అన్నాడు. చూడటానికి సులువుగా ఉంది, నాకూ మొదట బాగానే అనిపించింది. అప్పుడే 1983 నాటి స్కోరు పుస్తకం చివరి పేజీ తెరిచాం.

ఆ పేజీలో జూన్ 25న జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ స్కోరు ఉంది. భారత్ 183, వెస్టిండీస్ 140. రేడియో వింటూ రాసుకున్నారు. 43 పరుగుల తేడా అని కింద రెండు గీతలు. ఆ పక్కనే ఎర్ర పెన్సిల్‌తో ఉయ్యాల బొమ్మ. ఉయ్యాల కింద: "పాప 51 సెం.మీ." నేను పుట్టింది ఆ నెలలోనే.

ఈ పేజీ ఏ పెట్టెలోకి వెళ్లాలి? తమ్ముడు కాసేపు పేజీని అటూ ఇటూ తిప్పి చూసి, ఆటల చీటీ చింపేశాడు.

ఆర్కైవుల్లో పనిచేసేవాళ్లు పాటించే ఒక నియమం ఉంది. ఒక మనిషి తన కాగితాలను ఏ వరసలో దాచుకున్నాడో ఆ వరసను చెదరగొట్టరు. ఆ వరస కూడా అతని గురించి చెప్పే సాక్ష్యమే అంటారు. నాన్న విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఆయన స్కోరు పుస్తకాల అంచుల్లో మా బొమ్మలున్నాయి. స్కెచ్ బుక్కుల్లో ఫీల్డింగ్ ప్లానులున్నాయి. నా లెక్కల హోమ్‌వర్క్ వెనక ఆయన బ్యానర్ అక్షరాలు సాధన చేశారు. మూడు భాగాలుగా కోస్తే మూడు సగం సగం మనుషులు మిగులుతారు, ఆయన మిగలరు. అందుకని పుస్తకం కాలం వరసలోనే నడవాలని నిర్ణయించాం. ఒక సంవత్సరంలో ఆయన ఆడింది, గీసింది, మాతో గడిపింది అన్నీ పక్కపక్కనే. ఫైళ్ల పేర్లు కూడా ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ వచ్చేలా పెడుతున్నాం. అలా పెడితే కంప్యూటరే వాటిని కాలం వరసలో పేర్చేస్తుంది. తేదీ తెలియనివాటికి సంవత్సరం వరకే రాస్తున్నాం.

ఫిబ్రవరి

స్కానింగ్. ఓపిక కావాలి తప్ప దీంట్లో పెద్ద రహస్యం లేదు.

4×6 అంగుళాల ఫొటోని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. అచ్చు వేయడానికి అంగుళానికి 300 పిక్సెళ్లు చాలు కాబట్టి రెండింతలు పెద్దది చేసుకోవచ్చు. అసలు కాపీని టిఫ్‌లో, అంటే నాణ్యత తగ్గని ఫైలు రకంలో దాచాలి. ఒక్కోటి 26 ఎంబీ దాకా వస్తుంది. చుట్టాలకు పంపడానికి దాన్నుంచి జేపెగ్ తీసుకోవచ్చు. రంగులు దిద్దడం, గీతలు చెరపడం ఏదైనా కాపీ మీదే చేయాలి.

కష్టమంతా జిగురు పేజీల ఆల్బమ్‌లతో వచ్చింది. పేజీ మీద జిగురు చారలు, పైన ప్లాస్టిక్ పొర ఉండే రకం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు గోధుమ రంగుకి తిరిగి ఫొటోని కరచుకుంటుంది. గోరుతో లాగితే ఫొటో మడతపడి పైపొర పగులుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారం, మైనం పూయని రకం తీసుకుని ఫొటో వెనక నుంచి రంపంలా మెల్లగా లాగితే చాలా వరకు ఊడి వచ్చాయి. రానివాటిని వదిలేశాం. ప్లాస్టిక్ పొర ఎత్తి, పేజీ మొత్తాన్ని అలాగే స్కాన్ చేశాం. ఫొటో ఊడకపోయినా బొమ్మ దక్కింది, అది చాలు.

పేపర్ కటింగులు వేరే కవర్లోకి వెళ్లాయి. వార్తాపత్రికల కాగితంలోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల అది పసుపెక్కి పెళుసవుతుంది, దాని ఆమ్లం పక్క కాగితానికి కూడా అంటుకుంటుంది. లామినేషన్ చేయిద్దామని అత్తయ్య అంది. వద్దన్నాను. వేడితో అతికిన ప్లాస్టిక్‌ని మళ్లీ తీయలేం. ఆమ్లం లేని కాగితం మీద కాపీ తీసి, అసలుది విడిగా దాచాం.

ఒక సంగతి కళ్లారా చూశాం. నాన్న జట్టులోని వాళ్ల ముఖాలు స్కెచ్ పెన్నులతో గీసి, కొన్ని ఫ్రేము కట్టి హాల్లో పెట్టారు, కొన్ని పుస్తకంలోనే ఉండిపోయాయి. హాల్లోవి దాదాపు తెల్లకాగితాలయ్యాయి. పుస్తకంలోవి నిన్న గీసినట్టున్నాయి. స్కెచ్ పెన్నుల రంగు వెలుగుకి ఆగదు. కాగితం మీది బొమ్మలకు మ్యూజియంలలో 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వకపోవడం ఇందుకే. ఇకమీదట గోడ మీద కాపీలే ఉంటాయి.

ఫిబ్రవరి, ఇంకా

స్కోరు పుస్తకాల గురించి విడిగా రాయాలి.

నాన్న మామూలు పద్ధతిలో స్కోరు రాయలేదు. ప్రతి ఓవరుకీ ఒక వరస, బౌలర్లకి రెండు గళ్లు, బ్యాటర్లకి రెండు గళ్లు, ఎడమ అంచున సమయం. బీబీసీ రేడియోకి 1966 నుంచి 2008 దాకా స్కోరరుగా ఉన్న బిల్ ఫ్రిండాల్ వల్ల పేరుపొందిన లీనియర్ పద్ధతి ఇది. దీంట్లో ఏ బంతి ఎవరు వేశారు, ఎవరు ఎదుర్కొన్నారు, ఏం జరిగింది అనేది వరసగా కనిపిస్తుంది. నాన్న దానికి రంగు పెన్సిళ్లు చేర్చారు. ఒక్కో బౌలర్‌కి ఒక్కో రంగు. పేజీని దూరం నుంచి చూసినా ఎవరి స్పెల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది.

సమయం రాసి ఉండటం మాకు వరమైంది. ఒక మ్యాచ్‌లో 3:40కి "వాన" అని ఉంది. మళ్లీ ఆట 4:25కి. ఆ మధ్య ఖాళీ వరసల్లో గొడుగు కింద నిలబడ్డ ఇద్దరు పిల్లల బొమ్మ, ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. అంటే ఆ ముప్పావుగంట ఆయన ఏం చేస్తున్నారో, ఎవరిని చూస్తున్నారో నాకు తెలుసు. తేదీతో, గంటతో, నిమిషాలతో సహా. ఇంతకంటే కచ్చితంగా ఒక మధ్యాహ్నాన్ని ఎవరు దాచగలరు?

ఈ పేజీల్ని స్కాన్ చేసేటప్పుడు ఖాళీ పేజీలనీ వదలొద్దని తమ్ముడికి చెప్పాను. ఎక్కడ ఏ మూల ఏముందో తెలియదు.

మార్చి

క్యాసెట్లు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన భాగం.

క్యాసెట్‌లో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల కంటే తక్కువ. అది సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఇన్నేళ్లు కదలకుండా ఉన్నదాన్ని నేరుగా ప్లే చేయకూడదు. ముందు ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి ఒకసారి తిప్పితే బిగుసుకున్న చుట్ట సమంగా వదులవుతుంది. అంతకంటే ముందు చేయాల్సింది, క్యాసెట్ పై అంచున ఉన్న రెండు చిన్న పలకలు విరిచేయడం. అవి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోతుంది. ప్లేయర్ హెడ్‌ని, అంటే టేపుని చదివే భాగాన్ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. రెండు క్యాసెట్లలో టేపుని హెడ్‌కి అదిమే చిన్న స్పాంజి ముక్క పొడిగా రాలిపోయింది. మరలున్న ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని, టేపు చుట్టలు రెండూ దాంట్లోకి మార్చాం. శుభ్రమైన బల్ల మీద, ఫ్యాన్ ఆపేసి, ఊపిరి బిగబట్టి చేసే పని.

కంప్యూటర్‌లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా ఎక్కించాం. అడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి సరిపోతుంది.

మొదటి క్యాసెట్ పెట్టగానే అమ్మ, "ఇది మీ నాన్న గొంతు కాదు" అంది. మాట ఆయనదే, గొంతు మాత్రం సన్నగా, తొందరగా ఉంది. ఆ రోజుల్లో రికార్డు చేసిన టూ ఇన్ వన్ (రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసినది) కాస్త నెమ్మదిగా తిరిగి ఉంటే ఇప్పుడు సరైన వేగంలో వేసినా గొంతు హెచ్చుతుంది. సరైన వేగం ఎంతో చెప్పడానికి ఆధారం ఏమిటి? కరెంటు. ప్లగ్గులో పెట్టి రికార్డు చేస్తే కరెంటు రొద టేపు మీద పడుతుంది. సెకనుకి 50 ఆవృత్తాల కరెంటు ఉన్నచోట ఆ రొద 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర కనిపిస్తుంది. అడాసిటీలో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే పటం) గీయించి చూస్తే 100 దగ్గర ఒక శిఖరం, 104 దగ్గర ఇంకొకటి. 100 మీదున్నది మా ప్లేయర్ సొంత రొద. 104 మీదున్నది టేపులో ఉన్నది, అంటే టేపు నాలుగు శాతం వేగంగా నడుస్తోంది. ఆ మేరకు తగ్గించి మళ్లీ వేశాను. అమ్మ ఏమీ అనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని చివరిదాకా వింది.

ఆ క్యాసెట్ మీద "పాప పద్యాలు" అని ఆయన అక్షరాలు, తేదీ లేదు. నేను నోరు తిరగని వయసులో ఏదో పద్యం చెబుతుంటే నాన్న ఒక్కో ముక్క అందిస్తున్నారు. వెనక ట్రాన్సిస్టర్‌లో క్రికెట్ కామెంటరీ. ఉన్నట్టుండి కామెంటేటర్ గొంతు పెరిగింది, "మణీందర్" అన్నది తెలుస్తోంది, జనం హోరు. నాన్న, "అయ్యో... టై! టై అయిందే!" అని కేకేశారు. నా పద్యం ఆగింది. నేను, "టై అంటే?" అన్నాను. నాన్న నవ్వుతూ, "ఇద్దరూ గెలవలేదు, ఇద్దరూ ఓడలేదు. నువ్వు పద్యం చెప్పమ్మా" అన్నారు.

టెస్టు క్రికెట్ చరిత్రలో టై అయిన మ్యాచ్‌లు రెండే. మొదటిది 1960 డిసెంబరులో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా, వెస్టిండీస్ మధ్య. రెండోది చెన్నైలో భారత్, ఆస్ట్రేలియా మధ్య. 348 పరుగులు కొట్టాల్సిన భారత్ 347కి ఆలౌటైంది. చివరి ఓవర్ ఐదో బంతికి గ్రెగ్ మాథ్యూస్ మణీందర్ సింగ్‌ని ఎల్బీడబ్ల్యూ చేశాడు. ఆ రోజు 1986 సెప్టెంబరు 22. తేదీ లేని క్యాసెట్‌కి రోజు, దాదాపు నిమిషంతో సహా దొరికింది. నాకప్పుడు మూడేళ్లు నిండి మూడు నెలలు.

వెనక వినిపించే శబ్దాలను తీసేసి గొంతు ఒక్కటే ఉంచే సాఫ్ట్‌వేర్ ఉందని ఒకరు చెప్పారు. నేనైతే చేయను. ఆ వెనక శబ్దమే లేకపోతే ఈ తేదీ ఉండేది కాదు. నాన్న కేక ఎందుకో ఎవరికీ తెలిసేదీ కాదు.

ఏప్రిల్

మాటలు సేకరిస్తున్నాం. వస్తువులు ఆగుతాయి, మనుషుల జ్ఞాపకాలు ఆగవు. నిజానికి ఈ పని అన్నిటికంటే ముందు పెట్టుకోదగ్గది.

"నాన్న గురించి చెప్పండి" అంటే అందరూ "చాలా మంచివాడమ్మా" అని ఆగిపోతారు. చేతికి ఒక ఫొటో, ఒక స్కోరు పేజీ ఇస్తే మాట దానంతట అదే వస్తుంది. నాన్నతో ఆడిన అంకుల్ ముందు ఒక పాత పేజీ పెట్టాను. రంగు గళ్ల మీద వేలు జరుపుతూ మొత్తం మ్యాచ్ చెప్పారు. "మీ నాన్న ఊరికే అప్పీల్ చేసేవాడు కాదమ్మా. ఆయన అరిస్తే మేం ఇక అంపైర్ వైపు చూసేవాళ్లం కాదు, అవుటేనని తెలుసు" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, మాకెవరికీ తెలియనిది. టోర్నమెంటు సర్టిఫికెట్లు నాన్న గెలిచిన జట్టుకే కాదు, ఓడిన జట్టులో ప్రతి ఒక్కరికీ పేరుపేరునా రాసిచ్చేవారట. అందుకోసం రాత్రంతా మేలుకునేవారట.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు. పరదాలున్న గది, ఆపేసిన ఫ్యాన్, మైకుకి దగ్గరగా మనిషి. ఒక్క జాగ్రత్త పాటించాలి. వాళ్లు ఆగగానే మనం ఇంకో ప్రశ్న అడిగేయకూడదు. ఆ నిశ్శబ్దం తర్వాతే అసలు సంగతి వస్తుంది. ఇది పుస్తకంలో వాడుకోవచ్చా అని చివర్లో అడిగి, వాళ్ల జవాబు కూడా రికార్డు చేస్తున్నాను.

అమ్మతో మాట్లాడటం అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే విలువైనది. "మంచివి మాత్రమే రాయకు. అలా రాస్తే అది మీ నాన్న కాదు, ఎవరో ఫొటోలో మనిషి" అంది ముందే. నా మొదటి స్కూల్ డాన్సు రోజున నాన్నకి సెమీఫైనల్ ఉంది. వస్తానని చెప్పి రాలేదు. ఆ రాత్రి నేను ఆయనతో మాట్లాడలేదట. మర్నాడు ఆయన అమ్మని కూర్చోబెట్టి, నేను ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేశానో ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని, స్కోరు పుస్తకం కుడి మూలల్లో వరసగా గీశారు. పేజీలు వేలితో జారవిడిస్తే గౌను వేసుకున్న పిల్ల డాన్సు చేస్తుంది.

"అది చూసి నువ్వు మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టావు. నేను మాత్రం వారం రోజులు మాట్లాడలేదు. చెప్పిన మాట తప్పితే బొమ్మ గీసి ఇస్తే సరిపోతుందా?" అంది అమ్మ. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గొంతులో కోపం ఉంది, ఆ కోపంలో ఆయన ఉన్నారు. ఈ మాటలు యథాతథంగా పుస్తకంలోకి వెళ్తాయి. ఆ బొమ్మల పక్కనే.

ఆ పుస్తకం దొరికింది. స్కాన్ చేసి చిన్న వీడియోగా కూర్చడంలో ఒక చిక్కుంది. కుట్టిన పుస్తకంలో ప్రతి పేజీ కాస్త వేరే కోణంలో పడుకుంటుంది, బొమ్మ గంతులేస్తుంది. పేజీలో ముందే అచ్చేసిన గళ్ల గీతలు మమ్మల్ని ఆదుకున్నాయి. ప్రతి స్కాన్‌లో ఒకే గడి మూలని ఒకే చోటికి జరిపి పేర్చాడు తమ్ముడు. సెకనుకి 12 బొమ్మల చొప్పున నడిపితే డాన్సు కుదురుగా వచ్చింది. మూడో అడుగు దగ్గర తడబాటు కూడా గీశారు నాన్న. అమ్మ అది కూడా చెప్పిందన్నమాట.

మే

బ్యాటు, స్టంపు.

జతలేని స్టంపు ఎందుకు దాచారో మొదట అర్థం కాలేదు. కిటికీ దగ్గర తిప్పి చూస్తే పక్కన పెన్సిల్ గీతలు. మొదటి గీత దగ్గర 51. నా ఎత్తు! నేలలో దిగే మొన వదిలేసి, దాని పైభాగం నుంచి కొలిచారు. నేల పైన స్టంపు పొడవు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. పిల్లలు మామూలుగా ఏడాది లోపే ఆ పొడవు దాటేస్తారు. నా గీతలు ఒక పక్క, తమ్ముడివి ఇంకో పక్క, ఇద్దరివీ పైఅంచు దగ్గర ఆగిపోయాయి.

తర్వాత కొలత ఎక్కడికి వెళ్లింది? బ్యాటు వెనక్కి తిప్పాం. నిబంధనల ప్రకారం బ్యాటు పొడవు 38 అంగుళాలు మించకూడదు, అంటే 96.5 సెంటీమీటర్లు. వెనక వెన్నుకి రెండు పక్కలా, పైన పిడి దాకా గీతలు. స్టంపు అయిపోగానే బ్యాటు మీదికి మార్చారు. పిడి చివర నా ఆఖరి గీత పక్కన "22-9-86, పద్యం వచ్చింది" అని ఉంది.

క్యాసెట్‌కి మేం లెక్కగట్టిన తేదీ అదే. నేనూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ సాయంత్రం మ్యాచ్ టై అయ్యాక, నాతో పద్యం పూర్తి చేయించాక, నన్ను బ్యాటు పక్కన నిలబెట్టి గీత గీశారు. టై అయిందని మాత్రం ఎక్కడా రాయలేదు.

బ్యాటుకి లిన్‌సీడ్ నూనె రాద్దామని అంకుల్ అన్నారు. ఆడే బ్యాటుకైతే అది తప్పనిసరి, విల్లో చెక్క ఎండి పగలకుండా కాపాడుతుంది. ఇది ఇక ఆడే బ్యాటు కాదు. నూనె గుడ్డతో రుద్దితే పెన్సిల్ గీత చెరిగే ప్రమాదం ఉంది. ముందువైపు ఎర్రటి బంతి మచ్చలు కూడా అలాగే ఉండాలి. అందుకని మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపి ఆపేశాం. అంచు మందం కొలిస్తే 20 మిల్లీమీటర్లు కూడా లేదు. ఇప్పటి బ్యాట్ల అంచులు ఎంత లావయ్యాయంటే 2017లో 40 మిల్లీమీటర్లు మించకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఆ సన్నటి బ్యాటుతో ఆయన ఎలా ఆడారో తమ్ముడికి ఇప్పటికీ ఆశ్చర్యమే.

వెలిసిన గీతల్ని ఫొటో తీయడానికి గదిలో దీపాలు ఆర్పి, టార్చిని చెక్కకి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుతురు వేశాం. పెన్సిల్ పొడి పోయినా చెక్క మీద పడిన నొక్కు నీడగా కనిపిస్తుంది. చదవలేమనుకున్న అంకెలు చాలా వరకు చదవగలిగాం.

ఇక మిగిలింది గుడ్డలోని కాగితపు చుట్ట. గట్టిగా చుట్టి ఉంది, తొందరపడి విప్పితే పగులుతుంది. తడి గుడ్డ ఉంచిన మూత డబ్బాలో, నీళ్లు తగలకుండా, కొన్ని గంటలు పెడితే కాగితం గాలిలోని తేమ తీసుకుని మెత్తబడుతుంది. తర్వాత విప్పి, చుట్టూ బరువులు పెట్టాం. ఒకదానికొకటి అంటించిన చార్టులు. బ్యాటు దాటాక కొలత గుమ్మం మీదికి వెళ్లింది. ఇల్లు మారేటప్పుడు గుమ్మాన్ని తెచ్చుకోలేక, దాని మీద కాగితం పరిచి ప్రతి గీతనీ ఉన్నచోటే ఎత్తి రాసుకున్నారు. తాళం పెట్టే రంధ్రం కూడా గీశారు. పదహారో ఏట నా గీత పక్కన ఆయన గీత ఉంది, సమానంగా. దాని పక్కన చిన్న అక్షరాలతో "టై".

జూన్

నాన్న టైప్ చేసిన మ్యాచ్ రిపోర్టులు తెరిస్తే అర్థంలేని అక్షరాలు వచ్చాయి. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్. కన్వర్టర్‌లో వేస్తే చాలా వరకు తెలుగు తిరిగొచ్చింది, ఒత్తులు కొన్ని తప్పాయి. అచ్చు కాపీతో పోల్చి దిద్దాం. మీ ఇంట్లో అలాంటి ఫైళ్లుంటే ఇప్పుడే మార్చి, పక్కన ఒక పీడీఎఫ్ కూడా ఉంచుకోండి.

కాపీల విషయంలో ఫొటోగ్రాఫర్లు చెప్పే 3-2-1 పద్ధతి పాటిస్తున్నాం. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. వేరే చోటది అత్తయ్య ఇంట్లో ఉంది.

జూలై

పుస్తకం కూర్పు అయింది. అక్షరాలకు మండలి ఫాంట్ వాడాం, చిన్న సైజులో కూడా ఒత్తులు స్పష్టంగా ఉంటాయి. ప్రింటుకి పిగ్మెంట్ ఇంకు, ఆమ్లం లేని కాగితం. రంగు కరిగి ఉండే డై ఇంకు కంటే, రంగు పొడితో చేసే పిగ్మెంట్ ఇంకు ఎక్కువకాలం నిలుస్తుంది.

బైండింగ్ మేమే చేస్తున్నాం. నాన్న పుస్తకాన్ని బయట ఇవ్వడానికి మనసొప్పలేదు. నాలుగేసి కాగితాలు మధ్యకి మడిచి ఒక్కో కట్ట, కట్టకి 16 పేజీలు. మడత కాగితం పోగు దిశలోనే రావాలి, అడ్డంగా వస్తే పుస్తకం సరిగ్గా తెరుచుకోదు. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఏ వైపు సులువుగా వంగుతుందో అదే పోగు దిశ. మడత మీద దబ్బనంతో ఐదు రంధ్రాలు, మైనం రాసిన నార దారం. కట్టలు కుట్టి వెన్నుకి పీవీఏ అనే తెల్ల జిగురు పూసి, బరువు కింద ఒక రాత్రి ఉంచాలి. ఇలా కుట్టిన పుస్తకం బల్ల మీద పూర్తిగా విచ్చుకుంటుంది, రెండు పేజీల మధ్య మడతలో బొమ్మ దాగిపోదు. స్టంపు, బ్యాటు, గుమ్మం మూడింటినీ ఒకే కొలతలో, నిలువునా పక్కపక్కన పెట్టిన పేజీ మధ్య మడతలోనే వస్తుంది కాబట్టి మాకు ఇది ముఖ్యం.

అమ్మ కాపీ పూర్తయింది. తన మాటలున్న పేజీ ముందు చదివి, ఒక వాక్యం మార్చమంది. "వారం కాదు, పది రోజులు." మార్చి ఆ కట్ట మళ్లీ ప్రింటు తీశాను. తమ్ముడి కాపీకి నీలం దారం కావాలట, నాన్న జట్టు రంగు.

అంకుల్ నిన్న ఫోన్ చేశారు. ఆయన దగ్గర ఒక కవరు నెగటివ్‌లు దొరికాయట, జట్టువి, నాన్నవి. నెగటివ్‌లో బొమ్మ 36×24 మిల్లీమీటర్లే కాబట్టి 3200 డీపీఐలో స్కాన్ చేయాలి. అంచున అచ్చయిన నంబర్ల వరస చూస్తే ఏది ముందో ఏది తర్వాతో తెలుస్తుంది. వాటికోసం తమ్ముడి కాపీలో, అత్తయ్య కాపీలో ఒక్కో కట్ట కుట్టకుండా ఆపాను.